మంచము పట్టినది ఒకరు, భారము ఇంటిల్లిపాదిది

ఆగిరిపల్లి పరిసర గ్రామములలో మామిడితోట అనేక కుటుంబములకు జీవనాధారము. శీతకాలమున పూత, వేసవిలో కాపు, తొలకరి నాటికి తోట ఖాళీ. ఏడాదికొకసారి చేతికి వచ్చు ఆ సొమ్ముతోనే పిల్లల చదువు, ఇంటి ఖర్చు, తిరిగి తోటకు కావలసిన ఎరువు, మందు జరుగవలెను. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి, కలెక్టరు కాయలతో కొమ్మలు వంగిన తోటను చూచినవారు ఆ రైతు కలవాడని తలతురు. కాని వానకాలములో ఆ యింట ఒకరు జ్వరముతోనో, గుండెనొప్పితోనో పెద్దాస్పత్రిలో చేరినచో, మరుసటి యేటి పూత కంటబడక మునుపే తోటను వ్యాపారికి గుత్తకిచ్చి బయానా తీసికొనవలసిన అవసరము కలుగుచున్నది. పూత కనబడక మునుపు పలుకు ధర, పిందె నిలిచిన పిమ్మట పలుకు ధరకన్న సాధారణముగా తక్కువయే. తోట లేని కూలివానికి బయానా ఇచ్చువారు కూడ లేరు. అతనికి మిగిలినది వడ్డీ అప్పు.

ప్రభుత్వాస్పత్రిలో వైద్యము ఉచితము గదా, ఈ అప్పు ఎందులకు? ఈ ప్రశ్న పంచాయతీ సభ్యులు తమలో తాము వేసికొనదగినది. దీనికి సమాధానము తెలిసిననాడు, ఆస్పత్రి రోగులకు దాతలు చేయు సహాయము ఎక్కడ చేరవలెనో, ఏ రూపమున చేరవలెనో కూడ తెలియగలదు.

ప్రభుత్వము భరించు భాగము

వ్యాధి తెచ్చు వ్యయములో రెండు భాగములు కలవు. మొదటిది వైద్యుడు, మందులు, పరీక్షలు, శస్త్రచికిత్స, పడక. ఈ భాగమును తగ్గించుటకు గత రెండు దశాబ్దములలో చెప్పుకొనదగిన కృషి జరిగినది. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పేరుతో ఆరంభమైన పథకము నేడు ఎన్టీఆర్ వైద్య సేవ అను పేరుతో వ్యవహరింపబడుచున్నది. 2018 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద అర్హత గల కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆస్పత్రి చికిత్సకు భరోసా కల్పించినది. దేశములో ఆరోగ్యము కొరకు జరుగు మొత్తము వ్యయములో ప్రజలు స్వయముగా తమ జేబునుండి పెట్టుకొను భాగము 2013–14లో నూటికి 64.2 వంతులుండగా, 2021–22 నాటికి 39.4 వంతులకు దిగినట్లు జాతీయ ఆరోగ్య లెక్కలు తెలుపుచున్నవి.

ఇది సంతోషింపదగిన విషయమే. అయినను ఈ లెక్క మందులకు, పరీక్షలకు, వైద్యమునకు అయిన సొమ్మును గూర్చినది. రోగి ప్రక్కన కూర్చున్న కుమారుడు పదిహేను దినములు పనికి పోక కోల్పోయిన కూలి ఇందులో చేరదు. ఇంటివద్ద పాలు పితుకువారు లేక వట్టిపోయిన గేదె సంగతి ఏ లెక్కలోను కనబడదు.

కంటికి కానరాని రెండవ భాగము

రెండవ భాగమును ఒక చిన్న ఉదాహరణతో చూతము. ఒక కూలివాడు శస్త్రచికిత్స కొరకు విజయవాడ ఆస్పత్రిలో పదిహేను దినములు ఉండవలసి వచ్చినదనుకొందము. తోడుగా భార్య ఉండవలెను. రోగికి ఆస్పత్రిలో భోజనము పెట్టుదురు. తోడున్న మనిషి భోజనమునకు, కాఫీకి దినమునకు 150 రూపాయల చొప్పున 2,250 రూపాయలగును. బంధువుల రాకపోకలు, చిల్లర ఖర్చులు 1,000 రూపాయలు. భార్యాభర్తలిరువురు కోల్పోవు కూలి తలకు 400 రూపాయల చొప్పున 12,000 రూపాయలు. మొత్తము 15,250 రూపాయలు. ఆస్పత్రివారు ఒక్క రూపాయి కూడ అడుగని చికిత్సకు ఈ కుటుంబము పెట్టిన వెల ఇది. ఇంటికి వచ్చిన పిమ్మట రోగి పనిలోనికి దిగుటకు మరి నెలయో, రెండు నెలలో పట్టవచ్చును.

ఈ సంగతి ప్రభుత్వమునకు తెలియనిది కాదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము శస్త్రచికిత్స అనంతరము విశ్రాంతి తీసికొను పేదలకు దినమునకు 225 రూపాయలు, నెలకు 5,000 రూపాయలకు మించకుండ భృతి నిచ్చు ఏర్పాటు నారంభించినపుడు, కోల్పోయిన కూలి కూడ వ్యాధి వ్యయములో భాగమేనని అంగీకరించినట్లయినది. 2025 ఆగస్టు 15 నుండి రాష్ట్రములో స్త్రీలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలైన బస్సులలో ఉచిత ప్రయాణము లభించినందున తల్లికో, అత్తకో తోడుగా పోవు స్త్రీకి చార్జీ భారము తప్పినది. అయినను భోజనము, బస, ఇంటి కాపలా, పిల్లల సంరక్షణ అనునవి మిగిలియే యున్నవి.

ఈ రెండవ భాగము మోయలేకపోయినపుడు జరుగునది కేవలము అప్పు కాదు. అనేకులు చికిత్స పూర్తి కాకమునుపే, వైద్యుడు వలదన్నను సంతకము చేసి రోగిని ఇంటికి తీసికొనిపోవుదురు. మానవలసిన పుండు తిరుగబెట్టును. క్షయరోగి మందు మధ్యలో మానివేయును. ఉచిత వైద్యము ఉండియు ఫలము దక్కదు. కనుక చికిత్స పూర్తి కావలెనన్నచో రోగి వెనుకనున్న కుటుంబము నిలువవలెను. దానిని నిలుపుటలోనే దాతృత్వమునకు ముఖ్యమైన స్థానము కలదు.

పూర్వులు ఎరిగిన మార్గము

ఈ సత్యమును గ్రహించిన దాతలు తెలుగుదేశమున పూర్వమే ఉండిరి. అమెరికా నుండి 1883లో గుంటూరు వచ్చిన వైద్యురాలు డాక్టరు అన్నా సారా కుగ్లర్, తన దేశపు సామాన్య విశ్వాసులు పంపిన విరాళములతో 1898లో స్త్రీల కొరకు, శిశువుల కొరకు ఆస్పత్రి నెలకొల్పినది. ఆమె సేవను చూచి సంతుష్టుడైన ఏలూరు రాజా భుజంగరావు బహద్దరు ఆ ఆస్పత్రికి సమీపమున రోగుల బంధువుల కొరకు ఒక సత్రము కట్టించెను. దూరగ్రామముల నుండి వచ్చిన హిందూ కుటుంబములు తమ ఆచారము ననుసరించి వంట చేసికొని, అచ్చట బస చేసి, రోగిని కనిపెట్టుకొని యుండుటకు అది ఉపకరించినది.

ఇందులో గమనింపవలసిన వివేకమున్నది. ఆస్పత్రి ఒక మతమువారిది. సత్రము వేరొక మతము రాజుగారిది. వైద్యము ఒకరు చూచుకొనిరి. రోగి వెంట వచ్చినవారి సంగతి వేరొకరు చూచుకొనిరి. బస లేని కారణమున వైద్యమునకు రావెరచిన కుటుంబము లోపలికి అడుగు పెట్టగలిగినది. తీర్థయాత్రికుల కొరకు సత్రములు కట్టించిన మన పూర్వుల ఆచారమే ఇచ్చట ఆస్పత్రి వాకిటికి వచ్చినది. శోభనాచలస్వామి ఉత్సవములకు వచ్చు యాత్రికుల నాదరించు ఆగిరిపల్లి వాసులకు ఈ ఆచారమును వేరుగ నేర్పనక్కరలేదు.

నేడు దాతల ధనము నడుచు దారులు

నేటి దాతృత్వము అనేక రూపములలో రోగికి చేరుచున్నది. వానిని నాలుగు విధములుగా చెప్పుకొనవచ్చును.

మొదటిది కట్టడములు, పరికరములు. ఏలూరు సమీపమున సోమవరప్పాడులో 1908లో జన్మించి చలనచిత్ర రంగమున ప్రఖ్యాతుడైన ఎల్.వి. ప్రసాద్ గారి కుటుంబము ఒక కోటి రూపాయలు, హైదరాబాదులో ఐదు ఎకరముల భూమి నేత్రవైద్యాలయమునకు ఒసగినది. డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు గారి నాయకత్వమున 1987లో అది పని ఆరంభించినది. చికిత్స పొందినవారిలో సుమారు సగము మందికి అచ్చట ఉచితముగా వైద్యము జరిగినది. స్తోమత గలవారు చెల్లించు రుసుము, దాతల విరాళము కలిసి లేనివారి ఖర్చును భరించు పద్ధతి అది. విజయవాడ దాపున తాడిగడపలో కూడ ఆ సంస్థకు ఆస్పత్రి కలదు. గుంటూరు ప్రభుత్వాస్పత్రిలో మాతా శిశు సంరక్షణ భవనమునకు ఉత్తర అమెరికాలోని గుంటూరు వైద్యకళాశాల పూర్వవిద్యార్థులు విరాళములు కూడబెట్టిరి. వారిలో డాక్టరు ఉమ గవిని 2022లో తన జీవితకాలపు పొదుపు 20 కోట్ల రూపాయలు ఇచ్చుటకు ముందుకు వచ్చి, తన పేరు పెట్టుటకు అంగీకరింపక, కీర్తిశేషుడైన భర్త డాక్టరు కానూరి రామచంద్రరావు గారి పేరు సూచించినది.

రెండవది పూర్తిగా ఉచితమైన చికిత్స. పుట్టపర్తిలో 1991 నవంబరు 22న ప్రారంభమైన సత్యసాయి ఉన్నత వైద్యశాలలో గుండె, మూత్రపిండ వ్యాధులకు రుసుము లేకుండ చికిత్స జరుగుచున్నది. తిరుమల తిరుపతి దేవస్థానముల ప్రాణదాన ట్రస్టునకు భక్తులు ఇచ్చు విరాళములు గుండె, మెదడు, మూత్రపిండములు, క్యాన్సరు వ్యాధులకు గురియైన పేదల చికిత్సకు వినియోగింపబడుచున్నవి.

మూడవది అన్నము. తిరుమలలో 1985 ఏప్రిల్ 6న ఆరంభమైన నిత్యాన్నదానము కాలక్రమమున కొండ దిగి, తిరుపతిలోని స్విమ్స్, రుయా, ప్రసూతి ఆస్పత్రుల వరకు వచ్చినది. 2024 ఆగస్టు 15న రాష్ట్రములో తిరిగి ఆరంభమైన అన్న క్యాంటీన్లలో పూటకు 5 రూపాయలకు భోజనము లభించుచున్నది. వీనికి దాతల విరాళములు కూడ స్వీకరింపబడుచున్నవి. ఆస్పత్రికి చేరువగా ఉన్న క్యాంటీను రోగి తోడువానికి ఎంత ఆదరువో వేరుగ చెప్పవలసిన పని లేదు.

నాల్గవది రాకపోకలు. హైదరాబాదులో 2005 ఆగస్టు 15న ధర్మసంస్థగా ఆరంభమైన 108 అంబులెన్సు, పిమ్మట ప్రభుత్వ సహకారముతో రాష్ట్రమంతట వ్యాపించినది. దాతలు చూపిన దారి మంచిదని తోచినపుడు ప్రభుత్వము దానిని తనదిగా చేసికొనుటకు ఇది ఉదాహరణము. అయినను ఆస్పత్రికి పోవు దారియే కాక, తిరిగివచ్చు దారి కూడ ఉన్నది. 2022 ఏప్రిల్‌లో రాయలసీమకు చెందిన ఒక తండ్రి, ప్రైవేటు అంబులెన్సువారు అడిగిన సొమ్ము ఇచ్చుకొనలేక, మరణించిన తన బిడ్డను మోటారుసైకిలుపై సుమారు 90 కిలోమీటర్లు తీసికొనిపోయిన వార్త చదివి కంట తడిపెట్టనివారు లేరు. అట్టి వేళ గ్రామమునుండి ఒక బండి పంపగల ఏర్పాటు ఉండుట ఎంత అవసరమో ప్రతి సభ్యుడు ఆలోచింపవలెను.

అన్నము ఔషధమైన తీరు

కుటుంబమునకు చేయు సహాయము కేవలము జాలితో చేయునది కాదు, వైద్యమునకు సమానమైన ఫలము నిచ్చునది అని నిరూపించిన పరిశోధన మన దేశములోనే జరిగినది. ఝార్ఖండ్ రాష్ట్రములోని నాలుగు జిల్లాలలో 2,800 మంది క్షయరోగులను, వారి కుటుంబములలోని 10,345 మందిని ఎన్నుకొని వైద్యులు పరిశీలించిరి. రోగులందరికి పోషకాహారము ఇచ్చిరి. ఒక భాగము కుటుంబములలో మాత్రము ఇంటిలోని పెద్దవారొక్కొక్కరికి కూడ నెలకు 5 కిలోల బియ్యము, కిలోన్నర పప్పు, విటమిను మాత్రలు అందజేసిరి. 2023లో ప్రకటింపబడిన ఫలితముల ప్రకారము, ఆహారము పొందిన కుటుంబములలో క్రొత్తగా క్షయ సోకుట నూటికి 39 వంతులు తగ్గినది. మందు మింగినవాడు రోగి. రక్షణ పొందినది ఇంటిల్లిపాది. ఆ రక్షణ నిచ్చినది బియ్యము, పప్పు.

ఇదే దృష్టితో 2022 సెప్టెంబరు 9న దేశములో నిక్షయ మిత్ర కార్యక్రమము ఆరంభమైనది. వ్యక్తులు, సంఘములు, వర్తకులు ఎవరైనను ఒక క్షయరోగిని దత్తత తీసికొని నెలనెల ఆహారపు బుట్ట అందింపవచ్చును. రోగికి కేంద్ర ప్రభుత్వము చికిత్సకాలమున ఇచ్చు పోషణ భృతి 2018లో నెలకు 500 రూపాయలుండగా, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలైనది. గ్రామపంచాయతీలను క్షయరహితముగా చేయు కార్యక్రమము 2023 మార్చి 24న ఆరంభమైనది. ఏ కుటుంబమునకు సహాయము కావలెనో ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎమ్. ఎరుగుదురు. దాత యెవరో పంచాయతీ ఎరుగును. వీరిని కలుపుటయే కావలసిన పని. అయితే రోగి సమ్మతి లేనిదే అతని పేరు బయటపెట్టరాదు.

రూపాయి ఖర్చు లేని దానము

రక్తదానమును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. సొమ్ము పుచ్చుకొని రక్తము నిచ్చు పద్ధతి సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి 1998 జనవరి 1 నుండి దేశములో నిషేధింపబడినది. నాటి నుండి రోగికి దిక్కు స్వచ్ఛంద దాతలు, బంధువులు మాత్రమే. పల్లెనుండి వచ్చి, పట్నములో ఎవరిని ఎరుగని కుటుంబమునకు రక్తము సంపాదించుట ఎంత కష్టమో అనుభవించినవారికి తెలియును.

18 మొదలు 65 సంవత్సరముల లోపు వయస్సు, 45 కిలోలకు తగ్గని బరువు, రక్తములో 12.5 గ్రాములకు తగ్గని హిమోగ్లోబిన్ గల ఆరోగ్యవంతులు రక్తము ఇయ్యవచ్చును. పురుషులు మూడు నెలలకొకసారి, స్త్రీలు నాలుగు నెలలకొకసారి ఇయ్యవచ్చును. రక్తమును చిరకాలము నిల్వచేయుటకు వీలు లేదు. ఎర్రకణములు ఐదారు వారములు, రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు ప్లేట్‌లెట్లు ఐదు దినములు మాత్రమే నిలువయుండును. కనుక ఏడాదికొకనాడు వందమంది ఇచ్చుటకన్న, నెలకు పదిమంది చొప్పున ఇచ్చుట రోగులకు ఎక్కువ మేలు. తలసీమియా వ్యాధి గల బిడ్డకు రెండు మొదలు నాలుగు వారములకొకసారి రక్తము ఎక్కింపవలెను. ఆ బిడ్డకు ఉత్సవము నాటి దానము సరిపోదు.

దానమునకు కూడ పథ్యమున్నది

పెద్దల పుట్టినదినములలో, జాతీయ పర్వదినములలో ఆస్పత్రులకు పోయి పండ్లు, రొట్టెలు పంచు ఆచారము మనకు కలదు. ఉద్దేశము మంచిదే. కాని ఒకే దినమున నలుగురు దాతలు వచ్చుటయు, తక్కిన దినములలో ఎవరును రాకపోవుటయు తరచు చూచుచున్నాము. మూత్రపిండముల వ్యాధి గలవానికి అరటిపండు, కొబ్బరినీరు హాని చేయవచ్చును. మధుమేహరోగికి మన రసములు అమృతము కావు. ఎ.కొండూరు మండలపు తండాలలో మూత్రపిండముల వ్యాధి వ్యాపించియున్న సంగతి మన ప్రాంతమువారు ఎరిగినదే. వారానికి రెండు మూడు పర్యాయములు డయాలిసిస్ కొరకు పోవు రోగికి మామిడిపండ్ల బుట్టకన్న, తోడుగా వచ్చు మనిషికి ఒక పూట భోజనము ఎక్కువ ఉపకారము. కనుక ఆహారము నిచ్చుటకు ముందు వైద్యుని, నర్సును అడుగవలెను.

ఇచ్చునపుడు రోగి ఛాయాచిత్రము తీసి పంచుట తగదు. నిస్సహాయ స్థితిలో చేయి చాచినవాని ముఖము పదిమందికి చూపినచో, ఇచ్చిన మేలుకన్న కలిగించిన నొప్పి పెద్దదగును. గుప్తదానమును మన పెద్దలు మెచ్చుట ఇందులకే.

దాత కూడ జాగరూకుడై యుండవలెను. ఎవరివో ఫోటోలు పెట్టి, తప్పుడు కథలు వ్రాసి, సెల్‌ఫోన్లలో సొమ్ము అడుగు మోసగాండ్రు పెరిగినారు. ఊరు, పేరు, ఆస్పత్రి విచారింపక సొమ్ము పంపరాదు. వీలైనంతవరకు ఆస్పత్రి ఖాతాకే చెల్లించి రసీదు పొందవలెను. ప్రభుత్వాస్పత్రులకు పరికరములుగాని, సొమ్ముగాని ఇయ్యదలచినవారు ఆస్పత్రి అభివృద్ధి సంఘము ద్వారా ఇచ్చుట ఉత్తమము. యంత్రము కొని ఇచ్చుటకు ముందు దానిని నడుపువారు, మరమ్మతు చేయువారు కలరా అని తెలిసికొనవలెను. గుర్తింపు పొందిన ధర్మసంస్థలకు ఇచ్చు విరాళములకు నియమములకు లోబడి ఆదాయపు పన్నులో మినహాయింపు కలదు గాని, 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చినచో అది వర్తింపదు.

గ్రామ రోగి సహాయనిధి

పంచాయతీ సభ్యులు చేయదగిన పనిని ఇక క్లుప్తముగా చెప్పుదుము. 600 గడపలు గల ఒక గ్రామమును తీసికొందము. ఇంటికి నెలకు 10 రూపాయలు వేసికొన్నచో నెలకు 6,000, ఏడాదికి 72,000 రూపాయలగును. పైన చెప్పిన ఉదాహరణలో తోడువాని భోజనమునకు, రాకపోకలకు అయిన ఖర్చు 3,250 రూపాయలు. ఈ లెక్కన ఏడాదిలో 22 కుటుంబములకు ఆ భారము పూర్తిగా తీర్చవచ్చును. పది రూపాయలు ఒక టీ ధర. అది ఎవరిని పేదవానిగా చేయదు; కాని ఊరి సొమ్ముగా ఒకచోట చేరినపుడు ఇరువది రెండు ఇండ్లను అప్పు నుండి కాపాడగలదు.

నెలనెల వసూలు కష్టమనుకొన్నచో మామిడి కాపు అమ్ముడుపోవు కాలమున ఒకేసారి ఇచ్చుట మేలు. పూర్వము కళ్లము వద్ద ధాన్యము కొలుచునపుడే వృత్తిపనివారికి మేర తీసి వేరుగ పెట్టెడివారు. అదే విధమున తోట సొమ్ము చేతికి వచ్చిన దినముననే రోగుల మేర తీసి నిధిలో వేయవలెను. జ్వరములు ముమ్మరించు వానకాలము నాటికి రైతు చేతిలో సొమ్ము ఉండదు, నిధిలో ఉండును.

ఈ నిధిని పంచాయతీ సాధారణ నిధులతో కలుపక, ప్రత్యేక బ్యాంకు ఖాతాలో నుంచవలెను. ఇద్దరి సంతకములు లేనిదే సొమ్ము తీయరాదు. వారిలో ఒకరు మహిళా సంఘ సభ్యురాలైనచో మంచిది. ప్రతి పైసకు రసీదు ఉండవలెను. గ్రామసభలో వచ్చిన సొమ్ము, పోయిన సొమ్ము, సహాయము పొందిన కుటుంబముల సంఖ్య చదివి వినిపింపవలెను. వారి పేర్లు, వ్యాధులు చదువరాదు. సహాయమునకు కులము, పార్టీ, వీధి ప్రమాణము కారాదు. ఆస్పత్రిలో చేరిన కాగితము, ఇంటి పరిస్థితి, ఇవి రెండే ప్రమాణములు.

దీనికి తోడు గ్రామ ఆరోగ్య పారిశుధ్య పోషణ కమిటీకి జాతీయ ఆరోగ్య మిషన్ నియమముల ప్రకారము ఏటా 10,000 రూపాయల వరకు నిధి ఏర్పాటు కలదు. అది ఊరందరి ఆరోగ్యము కొరకు ఉద్దేశింపబడినదైనను, దిక్కులేని స్త్రీకి, మిక్కిలి పేద కుటుంబమునకు అవసరమైన వేళ వాడుకొనుటకు వీలున్నది. పథకములు వర్తింపని చికిత్సకు ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు చేసికొనవచ్చును. ఆ నిధికి కూడ దాతల విరాళములే బలము. దరఖాస్తుకు ఆస్పత్రి బిల్లుల అసలు ప్రతులు కావలెను గనుక, వానిని పారవేయవలదని ప్రతి కుటుంబమునకు ముందే చెప్పవలెను. ఆధార్, రేషన్ కార్డు, పాత వైద్యపు కాగితములు ఒక సంచిలో సర్ది ఇచ్చి పంపుట చిన్నపనియే గాని, పట్నములో రెండు దినముల తిరుగుడు తప్పించును.

సొమ్ము తీర్చలేని అవసరములు కొన్ని కలవు. వానిని చేతులు తీర్చవలెను. పైరుపనులలో బదులు పనికి పోవు ఆచారము మన రైతులకు క్రొత్త కాదు. ఆస్పత్రిలో ఉన్నవారి తోటకు కాపలా, గేదెకు మేత, పాలు పితుకుట, పిల్లలకు రెండు పూటల అన్నము, ముసలివారికి మందు అందించుట, ఇవి వంతులవారీగా ఇరుగుపొరుగువారు చేయవచ్చును. గ్రామములో రక్తపు గ్రూపుల పట్టిక ఒకటి, అర్ధరాత్రి పిలిచినను వచ్చు బండ్ల వారి ఫోను నంబర్ల పట్టిక ఒకటి పంచాయతీ కార్యాలయములో ఉంచవలెను. చదువుకొన్న యువకులలో ఒకరిద్దరు నూజివీడు, విజయవాడ, ఏలూరు ఆస్పత్రులలో ఏ విభాగము ఎక్కడున్నదో, చీటీ ఎక్కడ వ్రాయింపవలెనో తెలిసికొని, క్రొత్తగా పోవువారికి మొదటి దినమున తోడు పోయినచో అది కూడ దానమే.

గ్రామము విడిచి హైదరాబాదులోను, విదేశములలోను స్థిరపడినవారు ఊరికి ఏదైన చేయవలెనని అడుగుచుందురు. వారికి ముఖద్వారమో, విగ్రహమో సూచించుటకు ముందు ఈ నిధిని సూచింపవలెను. ఏటేట లెక్క పంపినచో వారి సహాయము ఒకనాటితో ఆగక కొనసాగును.

పెద్ద ఆస్పత్రులు కట్టుట పెద్ద దాతలకు, ప్రభుత్వమునకు చెల్లును. ఆ ఆస్పత్రి వరండాలో ఆకలితో కూర్చున్న మనిషిని గుర్తించుట మాత్రము అతని ఊరివారికే చెల్లును. ఏ యింటివారు ఎప్పుడు ఆస్పత్రికి పోయిరో, తిరిగి వచ్చినప్పుడు వారి గాదెలో ఏమి మిగిలినదో పంచాయతీ సభ్యునికి తెలిసినంతగా మరెవరికి తెలియదు. రానున్న గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టి, నిధిని ఆరంభించి, మొదటి పది రూపాయలు సభ్యులే వేయుదురుగాక. మరుసటి వానకాలమున ఒక్క కుటుంబమైనను తోటను పూతకు ముందు అమ్ముకొనక, చికిత్సను మధ్యలో మానుకొనక నిలిచినచో, ఆ గ్రామము చేసిన దానము ఫలించినట్లే.